మొదటి ఊసరవెల్లి: వెయిల్డా, పాంథరా, జాక్సనా?

డల్లాస్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నామని, పదకొండేళ్ల బాబు ఊసరవెల్లి కావాలని పట్టుబట్టాడని, చేపల తొట్టి తప్ప ఇంకేదీ పెంచిన అలవాటు లేదని రాశారు. వెయిల్డ్, పాంథర్, జాక్సన్ ఈ మూడు ఊసరవెల్లి జాతుల్లో ఏది మంచిదని అడిగారు. నేనూ టెక్సస్‌లోనే ఉంటున్నాను. ముందు వెయిల్డ్ ఆడదాన్ని పెంచాను, ఇప్పుడు పాంథర్ మగదాన్ని పెంచుతున్నాను. జాక్సన్ నా సొంతం కాదు గానీ, మా స్నేహితులు ఇండియా వెళ్లినప్పుడల్లా వాళ్ల జాక్సన్ బాధ్యత నాదే.

మీ ఇంటికైతే పాంథర్, అందులోనూ మగది, బ్రీడర్ (వీటిని పుట్టించి పెంచి అమ్మేవాళ్లు) దగ్గర పుట్టి కనీసం మూణ్ణెల్లు దాటినది తీసుకోండి. డబ్బు దగ్గర ఇబ్బంది అనుకుంటే వెయిల్డ్ మగది. జాక్సన్ మాత్రం మన టెక్సస్ ఎండలకి వద్దు.

చాలామంది రంగు చూసో కొమ్ములు చూసో జాతిని ఎంచుకుంటారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. రాత్రిపూట మీ ఇల్లు ఎంత చల్లబడుతుంది? మీరు కొనేది మగదా, ఆడదా? ఈ రెండూ తేలితే జాతి దాదాపు తేలిపోయినట్టే.

జాక్సన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే పిల్లలు ముందు పడిపోయేది దానికే. మగదానికి ముఖం మీద మూడు కొమ్ములు, చిన్న డైనోసార్‌లా ఉంటుంది. దాని సొంత ఊరు కెన్యా, టాంజానియా కొండలు. అక్కడ పగలు మరీ వేడి ఉండదు, రాత్రి బాగా చలి. ఆ శరీరం రోజూ రాత్రి ఆ చల్లదనంలో సేదతీరడానికి అలవాటుపడింది. పగలు డెబ్బైల్లో, రాత్రి యాభైల్లోనో అరవైల మొదట్లోనో ఫారెన్‌హీట్ ఉంటే దానికి హాయి. మా స్నేహితులు దాని కోసం ఒక బెడ్‌రూమ్ కేటాయించి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రాత్రంతా ఆ గదికి విడిగా ఏసీ నడుపుతారు. ఆ ఓపిక, ఆ కరెంటు బిల్లు అందరి వల్లా కాదు. డెబ్బై ఆరు దగ్గర ఏసీ పెట్టుకుని పడుకునే ఇంట్లో జాక్సన్ వెంటనే చచ్చిపోదు, నెమ్మదిగా నీరసిస్తుంది. తిండి తగ్గుతుంది, పగలు కూడా కళ్లు మూసుకుంటుంది. అది కనబడేసరికే ఆలస్యమైపోతుంది. విటమిన్ పొడులు కూడా మిగతా రెండింటికన్నా తక్కువ వేయాలి. ఎక్కువైతే మెడ చుట్టూ నీరు పట్టి ఉబ్బుతుంది. హవాయిలో 1970లలో పెంపుడు జంతువుల వ్యాపారం కోసం తెచ్చినవి బయటపడి, అక్కడి తడి కొండల్లో స్థిరపడిపోయాయి. ఎలాంటి వాతావరణం దొరికితే అది బతుకుతుందో దాన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. చల్లగా ఉండే సియాటిల్‌లోనో, శాన్‌ఫ్రాన్సిస్కోలోనో ఉన్న తెలుగువాళ్లు అడిగితే నా సమాధానం వేరే ఉండేది.

వెయిల్డ్ యెమెన్, సౌదీ అరేబియా నైరుతి ప్రాంతాలది. తల మీద ఎత్తుగా కిరీటంలా లేచిన ఎముక దాని గుర్తు. మూడింట్లో గట్టిపిండం ఇదే. వేడీ, పొడి గాలీ కొంత ఎక్కువతక్కువైనా తట్టుకుంటుంది, ఆకులు కూడా తింటుంది. అందుకని బోనులో పెట్టే మొక్కలు విషం లేనివి, మందులు కొట్టనివి అయ్యుండాలి. మందార పెట్టండి, పువ్వు కూడా ఇష్టంగా తింటుంది. మగది తోకతో కలిపి ఒకటిన్నర, రెండు అడుగుల దాకా పెరుగుతుంది. కోపం మాత్రం ఎక్కువ. బోను తలుపు తీస్తే చాలు, ఒళ్లు పక్కలకి పలకలా చేసి, గొంతు ఉబ్బించి, నోరు తెరిచి బుస కొట్టేవి చాలా ఉంటాయి.

ఆడ వెయిల్డ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దుకాణంలో చవగ్గా కనబడి ఎక్కువమంది ఇంటికి తెచ్చుకునేది ఆ పిల్లనే. మాకు అమ్మిన దుకాణంవాళ్లు మగదన్నారు. ఇంటికొచ్చాక వెనక పాదాలు చూస్తే మడమ దగ్గర ముల్లు లేదు. వెయిల్డ్ మగపిల్లకి గుడ్డులోంచి వచ్చినప్పుడే వెనక పాదం వెనుకవైపు చిన్న బుడిపె ఉంటుంది, ఆడదానికి ఉండదు. కొనేముందు మీరు చేయాల్సిన మొదటి పని అది చూడటం. ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది.

ఆడదైతే ఏమిటి అంటారేమో. మగదాని మొహం చూడకపోయినా అది గుడ్లు పెడుతుంది, కోడి పెట్టినట్టే. ఆరు నెలలు నిండకముందే కొన్ని మొదలుపెడతాయి. తిండి ఎక్కువ పెట్టి, వేడి ఎక్కువ ఇస్తే ఒక్కో కాన్పుకి అరవై, డెబ్బై దాకా కూడా పెడతాయి. పెట్టడానికి చోటు దొరక్కపోతే గుడ్లు లోపలే ఉండిపోయి ప్రాణం మీదికొస్తుంది. మాదానికి ఒంటి మీద పసుపు, నీలం మచ్చలు తేలగానే బోనులో ఒక అడుగు లోతున్న డబ్బా పెట్టి, కడిగిన ఇసుక తడిపి నింపాం. వేలితో సొరంగం చేస్తే కూలిపోకుండా నిలబడేంత తడి ఉండాలి. తర్వాత కొన్నాళ్లకి అది కొమ్మలు దిగి నేల మీద తిరగడం మొదలుపెట్టింది. అప్పటినుంచి బోనుకి దుప్పటి కప్పేశాం. తవ్వేటప్పుడు మనిషి కంటపడితే పని మధ్యలోనే ఆపేస్తుంది, మళ్లీ మొదలుపెట్టకపోవచ్చు కూడా. దుప్పటి సందులోంచి చూస్తే తల కిందకి పెట్టి, వెనక కాళ్లతో ఇసుక పైకి ఎగదోస్తూ కనిపించింది. గుడ్లు పెట్టాక ఊరికే వదిలి రాలేదు. గుంత పూడ్చి, పాదాలతో అదిమి, పైన చదును చేసి, ఒళ్లంతా ఇసుకతో కొమ్మ ఎక్కింది. అప్పుడు ఎంతసేపు నీళ్లు తాగిందో! ఆ తర్వాత లైటు కింద వేడి ఎనభైకి తగ్గించి, రోజు విడిచి రోజు నాలుగు పురుగులే ఇచ్చాం. తర్వాతి కాన్పులో గుడ్లు బాగా తగ్గాయి. దాని మీద నాకు చాలా ప్రేమ. అయినా మొదటిసారి పెంచేవాళ్లకి, ముఖ్యంగా చిన్నపిల్లాడున్న ఇంటికి, ఆడదాన్ని తీసుకోమని చెప్పను.

ఇక పాంథర్. మడగాస్కర్ ఉత్తర, తూర్పు తీరాల జీవి. అక్కడ ఊరిని బట్టి రంగు మారుతుంది. నోసీ బే వైపువి నీలం, ఆకుపచ్చ కలిసి ఉంటాయి. అంబిలోబేవి ఆకుపచ్చ ఒంటి మీద ఎరుపో నీలమో పట్టీలతో ఉంటాయి. బ్రీడర్లు ఈ ఊరిపేర్లతోనే అమ్ముతారు. ఈ రంగులన్నీ మగవాటికే. ఆడది లేత నారింజ, గోధుమ రంగుల్లో ఉంటుంది, అదీ గుడ్లు పెడుతుంది. పిల్లలన్నీ మట్టిరంగులోనే ఉంటాయి. అసలు రంగు ఆరో నెల దాటాక తేలి, ఏడాదికి నిండుగా వస్తుంది. కాబట్టి పిల్లని చూసి రంగు ఊహించలేరు, తండ్రి ఫొటో అడగండి.

పాంథర్‌ని మీకు చెప్పడానికి అసలు కారణం వేరే. మనం మామూలుగా ఉండే ఇంటి వేడి దానికి సరిపోతుంది. పగలు డెబ్బైల్లో, లైటు కింద ఒక్క కొమ్మ మీద ఎనభై ఐదు, రాత్రి డెబ్బై దగ్గర ఉంటే చాలు. వెయిల్డ్‌తో పోలిస్తే చాలావరకు నెమ్మది కూడా. పొద్దున లైట్లు వెలిగే వేళకి మాది ముదురు రంగులో ఉంటుంది. ఒళ్లు పలకలా చేసి ఒక పక్క లైటు వైపు తిప్పుకుని కూర్చుంటుంది. వేడెక్కేకొద్దీ ఆకుపచ్చ విచ్చుకుంటుంది. ఒక కన్ను నా వైపు, రెండోది మనీ ప్లాంట్ ఆకు మీది నీటిబొట్టు వైపు. మా పాప స్కూలుకెళ్లే ముందు రోజూ ఇది చూసి వెళ్తుంది. చుట్టూ ఉన్న రంగులో కలిసిపోవడానికి అది రంగు మారుస్తుందనుకుంటారు. ఎక్కువగా మారేది వేడిని బట్టి, బెదురుని బట్టి, ఎదుటి మగదాన్నో ఆడదాన్నో చూసి. జెనీవా విశ్వవిద్యాలయంవాళ్లు 2015లో పాంథర్ల మీదే పరిశోధన చేసి, చర్మకణాల్లోని సన్నని స్ఫటికాల మధ్య ఎడం మారడం వల్ల రంగు మారుతుందని చూపించారు. మీవాడికి ఈ విషయం చెప్పండి, ఆసక్తి ఇంకా పెరుగుతుంది.

ధర విషయం. నేను చూసినంతవరకు వెయిల్డ్ పిల్ల వంద డాలర్లలోపు వస్తుంది. పాంథర్‌కి రెండొందల నుంచి ఐదొందలు. బోను, లైట్లు, నీటి ఏర్పాటు కలిపి ఏ జాతికైనా ఇంచుమించు ఒకటే ఖర్చు, అది నాలుగైదు వందలకి తగ్గదు. అందుకే జంతువు ధరలో మిగిలే డబ్బు కోసం జాతిని మార్చుకోవడం నాకు సబబుగా అనిపించదు.

ఏది తీసుకున్నా కావాల్సినవి ఇవి. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు జాలీ బోను. పైన యూవీబీ, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు, ఇచ్చే పొడుగాటి టీ5 (సన్నరకం) ట్యూబు తప్పనిసరి. మెలి తిరిగిన చిన్న యూవీబీ బల్బులు కొనకండి, వెలుగు చాలినంత మేర పడదు. ఆ కిరణాలు లేకపోతే ఒంట్లో విటమిన్ డీ3 తయారుకాదు, కాల్షియం పట్టదు, ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. ట్యూబు వెలుగుతున్నా యూవీ తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారి మార్చాలి. రాత్రి మాత్రం పూర్తి చీకటి ఉండాలి, ఎర్రబల్బులు వద్దు. గిన్నెలో నీళ్లు పెడితే చాలావాటికి అవి కనబడనే కనబడవు. ఆకుల మీద జారే బొట్లనే నాకుతాయి. అందుకని టైమర్ పెట్టి, లైట్లు వెలగకముందు ఒకసారి, ఆరిపోయాక ఒకసారి తుంపర కొట్టించండి. పగలంతా తడిగా ఉంచితే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం ముదురు నారింజ రంగుకి తిరిగితే నీళ్లు చాలట్లేదని అర్థం. ఒక బోనులో ఒక్కటే, జత వేయకూడదు.

అపార్ట్‌మెంట్ అన్నారు కాబట్టి తిండి సంగతి ఇంట్లో అందరితో ముందే మాట్లాడుకోండి. కీచురాళ్లు రాత్రంతా అరుస్తాయి, వాసన కూడా ఉంటుంది. నేను ఎక్కువగా డూబియా బొద్దింకలే వాడతాను. అరవవు, నున్నటి ప్లాస్టిక్ డబ్బా ఎక్కలేవు. పేరు వింటేనే మా అత్తగారికి టెన్షన్ వచ్చింది. డబ్బా గరాజ్‌లోకి మార్చాక సర్దుకున్నారు. మీకు గరాజ్ ఉండదు కాబట్టి ఈ మాట ముందే తేల్చుకోవడం మంచిది. పురుగులకి ముందురోజు ఆకుకూర, క్యారెట్, గుమ్మడికాయ పెట్టి, ఇచ్చేముందు కాల్షియం పొడి అద్దాలి. డీ3 ఉన్న పొడి నెలకి రెండుసార్లు చాలు.

బాబు చేతిలోకి తీసుకుని ఆడుకోవాలనుకుంటే మూడింట్లో ఏదీ పనికిరాదు. ఊసరవెల్లికి మన చెయ్యి ఎప్పుడూ బెదురే. దానిబదులు పురుగులకి తిండి పెట్టడం, పొడి అద్దడం, వారానికోసారి బరువు రాసుకోవడం వాడికి అప్పగించండి. పట్టకారతో పురుగు చూపిస్తే అడుగు దూరం నుంచి నాలుక వచ్చి లాక్కుపోతుంది. పిల్లలకి అంతకన్నా సరదా ఏముంటుంది! వేసవిలో నెల్లాళ్లు ఇండియా వెళ్తారు కదా, అప్పుడు చూసుకునేవాళ్లు ఎవరో కూడా కొనకముందే ఖాయం చేసుకోండి. కుక్కల్ని ఉంచే బోర్డింగులు దీన్ని చూసుకోలేవు. సరీసృపాలకి వైద్యం చేసే డాక్టరు మీకు ఎంత దూరంలో ఉన్నారో కనుక్కోండి. కొత్తగా తెచ్చినప్పుడు రెట్ట పరీక్ష చేయించాలి.

కార్పెట్ ఊసరవెల్లి, పిగ్మీలనే చిట్టి ఊసరవెల్లులు కూడా అమ్ముతుంటారు. అందంగానే ఉంటాయి గానీ కార్పెట్‌కి ఆయుష్షు రెండుమూడేళ్లే, పిగ్మీల్లో అడవి నుంచి పట్టి తెచ్చినవీ ఉంటాయి. ఇప్పుడే వద్దు.

ఈ ప్రశ్న కింద ఒకరు హైదరాబాద్‌లో ఊసరవెల్లిని పెంచాలంటే ఎలా అని అడిగారు. మన పొలాల దగ్గర కనిపించే ఊసరవెల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవి. పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. అలా అమ్ముతామని వచ్చేవాళ్ల దగ్గర దయచేసి కొనకండి.

మీరు బ్రీడర్‌కి ఫోన్ చేసినప్పుడు పిల్ల ఏ తారీఖున పుట్టింది, తల్లిదండ్రుల ఫొటోలు ఉన్నాయా, ఇప్పుడు ఏ పురుగులు తింటోంది, ఏ యూవీబీ ట్యూబు కింద పెరుగుతోంది అని అడగండి. కుదిరితే వీడియో కాల్‌లో చూడండి. పగలు కళ్లు పూర్తిగా తెరిచి ఉండాలి, లోపలికి గుంటపడి ఉండకూడదు. కొమ్మని నాలుగు కాళ్లతో గట్టిగా పట్టుకోవాలి. మోచేతులు వంకరగా ఉండకూడదు. వీటికి విసుక్కోకుండా జవాబిచ్చే మనిషి దగ్గర యాభై డాలర్లు ఎక్కువైనా కొనండి. బోను తెచ్చి మొక్కలు, లైట్లు అన్నీ పెట్టి, ఒక వారం ఊరికే నడిపించి, వేడి సరిగ్గా నిలుస్తోందని చూసుకున్నాకే పిల్లని ఇంటికి తెచ్చుకోండి.