ఇంటి పక్కన ఎంఆర్‌పీ షాపు, పైన రూఫ్‌టాప్ పబ్: బెంగళూరులో ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలి?

మీ సందు మొదట్లో ఎంఆర్‌పీ షాపు (సీసా మీది ధరకే మందు అమ్మే వైన్ షాపు), ఆ పక్క బిల్డింగ్ మీద రూఫ్‌టాప్ పబ్ ఉన్నాయన్నారు. కార్లలో కూర్చుని తాగేవాళ్ళు, కాంపౌండ్ గోడంతా కంపు, అర్ధరాత్రి దాటినా ఆగని స్పీకర్లు. పోలీసులు వచ్చినప్పుడు కాసేపు తగ్గి, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ మొదలు. "వాళ్ళ వెనక పెద్దవాళ్ళున్నారట, ఇల్లు ఖాళీ చేసి పోవడమే మేలా?" అని అడిగారు. మాదీ మారతహళ్ళి వైపే. అచ్చం ఇలాంటి తలనొప్పే మా అపార్ట్‌మెంట్‌కీ ఉండేది. అసోసియేషన్ తరఫున తిరిగినవాళ్ళలో నేనొకదాన్ని. ఇల్లు మారక్కర్లేదండి.

ముందుగా ఒక మాట. రాత్రి వచ్చే హొయ్సళ జీపంటే, అదే పోలీసుల గస్తీ బండంటే, ఆ యజమానులకు పెద్ద లెక్కేమీ ఉండదు. లైసెన్స్ ఫైల్లో ఒక కాగితం చేరిందంటే మాత్రం నిద్ర పట్టదు. కర్ణాటకలో మామూలు వైన్ షాపులకు, బార్లకు ముప్పై ఏళ్ళకు పైగా కొత్త లైసెన్సులు ఇవ్వడం దాదాపు ఆపేశారు. ఉన్నవే చేతులు మారుతుంటాయి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి వస్తుంటాయి. అందుకే వాటికి అంత ధర. మీ ఫిర్యాదు గోల గురించి కాకుండా లైసెన్స్ షరతు గురించి ఉండాలి.

దానికోసం అది ఏ లైసెన్సో తెలుసుకోండి. బోర్డు మీదో కౌంటర్ దగ్గరో రాసి ఉంటుంది. సీఎల్-2 అంటే సీసాలు అమ్ముకునే షాపు మాత్రమే, అక్కడ తాగించకూడదు. సీఎల్-9 అంటే బార్ అండ్ రెస్టారెంట్. సీఎల్-7 గదులున్న లాడ్జికి ఇచ్చేది. ఆ పేరుతో ఉత్త బార్ నడిపేవాళ్ళు ఊళ్ళో తక్కువేం లేరు, పై అంతస్తులో నిజంగా గదులున్నాయో లేదో చూడండి. బడి, గుడి, ఆసుపత్రి నుంచి 100 మీటర్ల దూరం ఉండాలన్న నిబంధన ఉంది. అయితే మ్యాప్‌లో గీత గీసి కొలిస్తే కుదరదు, గేటు నుంచి గేటుకు మనిషి నడిచే దారి వెంట కొలుస్తారు. మినహాయింపులూ ఉన్నాయి, కాబట్టి ఆశంతా దీని మీదే పెట్టుకోకండి.

ఇక రూఫ్‌టాప్ సంగతి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. "బెంగళూరులో బార్లకు రాత్రి ఒంటిగంట దాకా పర్మిషన్ ఉంది మేడమ్" అని మేనేజర్ అంటాడు, మనం నోరు మూసుకుంటాం. ఒంటిగంట దాకా ఉన్నది మందు అమ్మడానికి. స్పీకర్‌కు వేరే చట్టం, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు. వాటి ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్ వాడకూడదు, ఆడిటోరియం, బ్యాంక్వెట్ హాల్ లాంటి మూసి ఉన్న చోట్ల లోపల తప్ప. మేడ మీద పైన ఆకాశం తప్ప ఏమీ లేని చోటు మూసి ఉన్న చోటు ఎలా అవుతుంది? ఫిర్యాదులో ఈ ఒక్క ప్రశ్న రాస్తే చాలు, అవతలి వాళ్ళకు జవాబు దొరకదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఫోన్ యాప్‌లో వచ్చే లెక్కను సాక్ష్యంగా ఒప్పుకోకపోవచ్చు, కానీ ఏసీపీ ముందు పెట్టడానికి పనికొస్తుంది. రాత్రి నిబంధన విషయంలో అసలు డెసిబెల్స్ కొలవాల్సిన అవసరమే లేదు, టైము చాలు. మీ కిటికీలోంచి స్పీకర్, గోడ గడియారం రెండూ కనిపించేలా వీడియో తీయండి.

దీని మీద ఉత్తరం స్టేషన్లో ఇచ్చి ఊరుకోకండి. ఈ నియమాల కింద చర్య తీసుకునే అధికారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారికి ఇస్తారు. మన ఊళ్ళో ఆ స్థాయి ఏసీపీది, కాబట్టి నేరుగా ఆయన పేరున రాసి, రసీదు ముద్ర వేయించుకోండి. 112కి ఫోన్ చేసిన ప్రతిసారీ ఫిర్యాదు నంబరు అడిగి, తేదీ, టైముతో నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. ఆ పేజీ జిరాక్స్ ఉత్తరానికి జత చేస్తే "మాకు ఎప్పుడూ చెప్పలేదు" అనే మాట రాదు. పబ్‌లో డీజే, లైవ్ మ్యూజిక్ ఉంటే మ్యూజిక్ కోసం పోలీసు లైసెన్స్ వేరే ఉండాలి. 2005లో బెంగళూరు నగరానికి తెచ్చిన ఉత్తర్వు అది. హోటళ్ళవాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా 2018లో కోర్టు దాన్ని సమర్థించింది. ఆ మ్యూజిక్ లైసెన్స్ కాపీ చూపించమని అడగండి.

ఎంఆర్‌పీ షాపు విషయంలో మాకు దారి చూపింది షాపు కాదు, దాని ఎదురుగా ఉన్న బండి. ఆమ్లెట్లు, ఉడకబెట్టిన శనగలు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు అన్నీ అక్కడే. బండి లేకపోతే సీసా కొన్నవాడు ఇంటికి పోతాడు. బండి ఉంటే ఫుట్‌పాతే బార్ అయిపోతుంది. దానికి ట్యూబ్‌లైట్ కరెంటు షాపు నుంచే వస్తోందని మా వాచ్‌మన్ కనిపెట్టాడు. ఫొటో తీశాం. బహిరంగ స్థలంలో తాగడం, తాగడానికి చోటివ్వడం కర్ణాటక ఎక్సైజ్ చట్టం కింద నేరం, 15ఎ సెక్షన్‌తో ఇక్కడ తరచూ కేసులు పెడుతుంటారు. అమ్మకానికి మాత్రమే లైసెన్స్ ఉన్న షాపు వైరు లాగి తాగడానికి ఏర్పాటు చేస్తోందని ఎక్సైజ్ డిప్యూటీ కమిషనర్‌కు రాశాం. "న్యూసెన్స్‌గా ఉంది" అని అంతకుముందు ఎన్నిసార్లు చెప్పినా కదలని వాళ్ళు, ఈ కాగితానికి ఇన్‌స్పెక్టర్‌ను పంపారు.

మర్నాడే షాపు మేనేజర్ మా సెక్యూరిటీ గది దగ్గరికొచ్చాడు. నెల్లూరాయన. "మనవాళ్ళే కదమ్మా, ఒక మాట నాతో చెప్పుంటే సరిపోయేది" అన్నాడు. అంతకుముందు చెప్పినప్పుడు ఆయనకు తెలుగు రాలేదు మరి. అయినా మాట్లాడాం, మాట్లాడాలి కూడా. బండి తీసేయాలి, గోడ వైపు ఫ్లడ్‌లైట్, సీసీ కెమెరా పెట్టాలి, షాపు కట్టేసే టైముకు తన మనిషి ఒకడు నిలబడి జనాన్ని పంపించాలి అని అడిగాం. ఒప్పుకున్నవన్నీ కాగితం మీద పెట్టి సంతకం తీసుకున్నాం. కార్లలో తాగడం పూర్తిగా ఆగలేదు, వారాంతాల్లో ఇప్పటికీ ఒకటీ అరా కనిపిస్తాయి. గోడ మాత్రం బాగుపడింది.

టైము చూసుకోండి. ఇక్కడ ఎక్సైజ్ ఏడాది జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. రెన్యువల్ దానికి ముందు జరుగుతుంది. మీ అభ్యంతరం ఏప్రిల్, మే నెలల్లోనే ఫైల్లోకి చేరాలి. అక్టోబర్‌లో ఇచ్చిన ఉత్తరం కంటే దానికి పది రెట్లు విలువ. అంతకంటే ముందు ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి, ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. కర్ణాటకలో దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి. అందుకే లైసెన్స్ కాపీ, మంజూరైన నక్షా, ఇంతవరకు ఇచ్చిన నోటీసులు, ఈ మూడే అడగండి. నక్షాలో రూఫ్‌టాప్ లేకపోతే మీ పని సగం అయినట్టే.

ట్రేడ్ లైసెన్స్, పైన అక్రమంగా వేసిన రేకుల షెడ్డు లాంటివి కార్పొరేషన్ చూస్తుంది. 2025 సెప్టెంబర్‌లో పాత నగర పాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కదా, మహదేవపుర, కె.ఆర్.పుర మనకు ఈస్ట్ కార్పొరేషన్ కిందికి వస్తాయి. పాత అడ్రసుకు రాస్తే కాగితం ఊరంతా తిరుగుతుంది.

ఎవరో ఒకరి ఫ్లాట్ నంబరుతో ఫిర్యాదు ఇవ్వకండి, అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఇవ్వండి, పక్క బిల్డింగ్ వాళ్ళ సంతకాలూ కలపండి. ఒంటరిగా పేరు బయటపడితే టెన్షన్ మీకే. రాత్రిపూట తాగినవాళ్ళతో వాదనకు దిగే కుర్రాళ్ళు మీ దగ్గరా ఉంటారు, వాళ్ళను ఆపండి. ఒక్క తోపులాట జరిగితే అవతలివాడు మీ మీదే ఎదురు కేసు పెడతాడు, అప్పుడు మీ ఫైలంతా పక్కకు పోతుంది. ఉత్తరాలు కన్నడలో రాయించండి. ఇంగ్లీషు కాగితం కంటే తొందరగా కదులుతుంది. మాకు కింది ఫ్లోర్‌లో ఉండే రిటైర్డ్ కన్నడ మాస్టారు రాసిపెట్టారు. మీ బిల్డింగ్‌లోనూ అలాంటివాళ్ళు ఒకరుంటారు, తలుపు తట్టి అడగండి.