గూఢచారి నవల మొదలుపెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

"బయటివాళ్లు పోవాలి" అని అరిచే పార్టీ మీద, విశాఖలో నడిచే గూఢచారి నవల, అదీ నవ్వించేది రాస్తానన్నావు. రాయి. ఒక్కటి మాత్రం పట్టుకో: వలసొచ్చినవాడి యాస మీద, తిండి మీద, భయం మీద హాస్యం రాశావంటే నీ నవలే ఆ పార్టీకి కరపత్రం అయిపోతుంది.

కథకి ఇరుసుగా ఒక్క కాగితం చాలు. నేవీ, జలాంతర్గాముల జోలికి పోకు, విశాఖ అనగానే అందరూ పరిగెత్తేది అటే. కంచరపాలెం వైపు బర్మా క్యాంపుకి వెళ్లు. 1962లో బర్మాలో జనరల్ నెవిన్ సైనిక పాలన వచ్చింది, తర్వాత దుకాణాలు జాతీయం చేశారు, 1964లో యాభై, వంద చాట్ల (చాట్ అంటే బర్మా డబ్బు) నోట్లు రద్దు చేశారు. మనవాళ్లెందరో ఉత్త చేతులతో ఓడెక్కారు. ఆ పార్టీ నాయకుడి తాత కూడా అలా వచ్చిన కాందిశీకుడే అనుకో. ఆ గుర్తింపు కాగితం నాయకుడి నాయనమ్మ దగ్గర, బియ్యం డబ్బాలో, రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో ఉంది. పాఠకుడికి మూడో అధ్యాయంలోనే చెప్పెయ్యి. దాచావంటే చివర్లో ఒక్కసారి ఉలిక్కిపడతాడు. చెబితే నాయకుడు మైకు పట్టుకున్న ప్రతిసారీ నవ్వుతాడు.

పార్టీలో చొరబడేవాడు కానిస్టేబుల్ అయితే బాగుంటుంది. కార్యకర్తలకి టీ తాగించిన ఖర్చుకి ఆఫీసు ఓచరు అడుగుతుంది, దాని మీద టీ కొట్టతని సంతకం ఉండాలంటుంది. మారుపేరుతో తిరిగేవాడు ఏ పేరు మీద రాయించుకోవాలి? ఈ నవ్వుని మూడుసార్లు వాడు. మొదటిసారి ఉత్త నవ్వు, రెండోసారి ఒక సమాచారం, మూడోసారి ఓచరు పార్టీవాళ్ల చేతిలో పడి అతని ప్రాణం మీదకి రావాలి. కథని కదపని జోకు ఎంత బాగున్నా కొట్టెయ్యి.

వెంటాడడం కూడా తెలుసుకుని రాయి. షేర్ ఆటోలో మనిషి దిగగానే వెనకాలే దిగితే దొరికిపోతారు. ముందుకి వెళ్లి దిగి, వెనక్కి నడిచి రావాలి. ఈలోగా మనిషి తప్పిపోవచ్చు, ఉత్కంఠంతా అక్కడే ఉంది.

ఇక పార్టీ కుర్రాళ్లు. వాళ్లని వెర్రివాళ్లని చేస్తే భయం పోతుంది, భయం లేని చోట గూఢచారికి పనేముంది? డేటా ఎంట్రీ ఉద్యోగాలని మన కుర్రాళ్లని కంబోడియా పంపి సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో విశాఖ పోలీసులే బయటపెట్టారు. అలా ఇరుక్కున్నవాడి తమ్ముడు ఇక్కడ ఒడిశా కూలీల మీదకి కర్ర పట్టుకుని వెళ్తే? వాడి కోపం నిజం, గురి తప్పు. దెబ్బ తగిలిన కూలీకి ఆ పేజీలోనే రక్తం రావాలి. అక్కడ జోకు వద్దు.

కథ ఏ ఏడాదిదో ముందే తేల్చుకో. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, పోలీసుల నోట పాత సెక్షన్లు పలికించకు.

చివర్లో కాగితం నాయకుడి చేతికే చేరాలి, సభలో కాదు, నాయనమ్మ వంటింట్లో. అప్పుడతను ఏం చేస్తాడో తేలేదాకా మొదటి అధ్యాయం మొదలుపెట్టకు.

నీ మావయ్య