మేనేజరు కుదిర్చిన రాజీతో గడువు ఆగదు

ప్రశ్న: నెల్లూరు జిల్లాలోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో గ్రేడింగ్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. సూపర్‌వైజరు తరచూ అసభ్యంగా మాట్లాడుతుంటే మేనేజరుకు నోటిమాటగా చెప్పాను. ఆయన ఇద్దరినీ పిలిపించి, అతనితో క్షమాపణ చెప్పించి, ఇంతటితో వదిలేయమన్నారు. అతను చివరిసారి అలా మాట్లాడి నాలుగు నెలలైంది. రెండు నెలల క్రితం నన్నే రాత్రి షిఫ్టుకు మార్చారు. నిద్ర, మనశ్శాంతి రెండూ పోయాయి. అతని మాటల రికార్డింగును వాట్సాప్ గ్రూపులో పెట్టమని తోటివారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ కేసును తేల్చేది అతను చివరిసారి ఆ మాటలన్న తేదీ. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం, 2013లోని 9వ సెక్షన్ ప్రకారం చివరి ఘటన జరిగిన 3 నెలలలోపు అంతర్గత కమిటీకి, అంటే ఇలాంటి ఫిర్యాదుల విచారణకు యాజమాన్యం పని ప్రదేశంలో ఏర్పాటు చేయాల్సిన కమిటీకి, రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే, దానిని నమోదు చేసి కమిటీ మరో 3 నెలల వరకు మాత్రమే గడువు పొడిగించగలదు. అంటే మొదటి గడువు మీకు ఇప్పటికే దాటిపోయింది, రెండవది నడుస్తోంది.

షిఫ్టు మార్పునే చివరి ఘటనగా లెక్కించవచ్చునని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పశ్చిమ బెంగాల్‌లోని ఒక విశ్వవిద్యాలయానికి చెందిన కేసులో సుప్రీంకోర్టు 2025లో, వేధింపుల తరువాత యాజమాన్యం తీసుకున్న పరిపాలనా చర్యలు ఆ వేధింపులకు కొనసాగింపు కావని తేల్చి, ఫిర్యాదు కాలదోషం పట్టిందని చెప్పింది.

మేనేజరు మాట నమ్మి ఒక్క కాగితమైనా ఇవ్వకుండా ఇంతకాలం ఊరుకోవడం మీ అజాగ్రత్తే. చట్టం ఒప్పుకునే రాజీ ఫిర్యాదు చేసిన మహిళ కోరితే, కమిటీ ద్వారా మాత్రమే జరగాలి, దానికి డబ్బు ప్రాతిపదిక కాకూడదు. మేనేజరు గదిలో చెప్పించిన క్షమాపణ విచారణ కాదు, దానివల్ల గడువు ఆగదు. అయితే ఆయన మాట వల్లే ఆలస్యమైందన్నది పొడిగింపు కోరడానికి మీకున్న మంచి కారణం, కనుక ఆ సమావేశం తేదీతో సహా ఫిర్యాదులో రాయండి.

రికార్డింగును గ్రూపులో పెట్టనే పెట్టకండి. ఫిర్యాదు వివరాలను బహిరంగపరచడాన్ని 16వ సెక్షన్ నిషేధిస్తోంది, పైగా ఎదుటివారికి పరువునష్టం కేసు వేసే అవకాశం మీరే ఇచ్చినవారవుతారు. రికార్డు చేసిన ఫోనును మార్చకుండా, అసలు ఫైలును తుడిచివేయకుండా భద్రపరచండి. కోర్టు దాకా వెళితే ఆ రికార్డింగును సాక్ష్యంగా చూపడానికి భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం అవసరమవుతుంది.

ఘటనల తేదీలు, విన్న తోటి కార్మికుల పేర్లతో ఫిర్యాదును 6 ప్రతులుగా ఇచ్చి, మీ దగ్గరుండే ప్రతిపై ముట్టినట్లు సంతకం, తేదీ వేయించుకోండి. విచారణ ముగిసేదాకా మిమ్మల్ని గానీ, అతన్ని గానీ వేరే చోటికి మార్చమని 2013 చట్టం 12వ సెక్షన్ కింద కమిటీని విడిగా రాసి కోరవచ్చు. మీ సమ్మతి లేకుండా రాత్రి షిఫ్టు వేశారన్న అభ్యంతరాన్ని వేరే కాగితంపై యాజమాన్యానికి ఇవ్వండి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట కమిటీ లేకపోతే యాజమాన్యానికి రూ.50,000 వరకు జరిమానా పడుతుంది. మీ ప్లాంటులో కమిటీయే లేదని తేలితే ఫిర్యాదును షీ-బాక్స్ (ఇలాంటి ఫిర్యాదుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్) పోర్టల్‌లో నమోదు చేసి, కలెక్టరేట్‌లో ఈ చట్టం కింద నియమితులైన జిల్లా అధికారికి ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి.