చిన్న సినిమాల్లో వేషాలంటే పరువు తక్కువా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా అబ్బాయికి 24 ఏళ్లు, బీకాం చదివాడు. హైదరాబాద్‌లో చుట్టేసిన రెండు దెయ్యాల సినిమాల్లో ఒకదాంట్లో తాగుబోతుగా, ఇంకోదాంట్లో శ్మశానం కాపరిగా వేశాడు. ఆ పోస్టర్లు చూసి చుట్టాలు ‘ఇదేం బూతు సినిమా’ అంటుంటే తలెత్తుకోలేకపోతున్నాం. బ్యాంకు పరీక్షలు రాయమంటే వినడు, క్యారెక్టర్ ఆర్టిస్టుగానే ఉంటానంటాడు. ఏం చేయాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చుట్టాల మాటే ఎక్కువగా కనిపించింది. నాకైతే వాడి బతుకుతెరువు గురించే టెన్షన్.

సినిమా చవగ్గా తీశారని అందులో నటన చవకైపోదు. అమెరికాలో డిక్ మిల్లర్ అనే నటుడు ఉండేవారు. దర్శక నిర్మాత రోజర్ కార్మన్ తక్కువ డబ్బుతో చకచకా తీసే సినిమాల్లో వేసేవారు. 1959లో ఆయన ప్రధాన పాత్ర వేసిన ఒక హారర్ సినిమా షూటింగ్ 5 రోజుల్లో అయిపోయింది. అంత తొందరలో పదేసి టేకులు ఎవరిస్తారు? డైలాగ్ నోటికొచ్చి ఉండాలి, లైటు ఎక్కడ పడుతోందో చూసుకుని నిలబడాలి. కార్మన్ దగ్గర పని నేర్చుకున్న జో డాంటే పెద్ద దర్శకుడయ్యాక కూడా పిలిచి మరీ మిల్లర్‌కు వేషాలిచ్చేవారు. ఆయన 2019లో, 90 ఏళ్ల వయసులో పోయారు.

కానీ ఈ పనిలో నెల జీతం ఉండదు. అలాంటి సినిమాల్లోనే విలన్‌గా వేసిన సిడ్ హేగ్ ఒకే రకం రౌడీ వేషాలతో విసిగిపోయి 1992లో నటన మానేశారు. హిప్నోథెరపీ, అంటే హిప్నాటిజంతో చేసే చికిత్స, నేర్చుకుని దాన్ని వృత్తిగా పెట్టుకున్నారు. కొన్నేళ్ల తర్వాత మంచి పాత్రలు రావడంతో తిరిగొచ్చారు. మీ వాడికి బీకాం ఉంది కదా, ట్యాలీ, జీఎస్టీ రిటర్నుల పని నేర్పించండి. నెలలో రిటర్నుల గడువులుండే 11, 20 తేదీల దగ్గర ఊపిరాడదు గానీ మిగతా రోజుల్లో కాస్త తెరిపి ఉంటుంది, షూటింగ్‌కు వెళ్లొచ్చు.

శిక్షణకు లక్షలు పోయనక్కర్లేదు. ఎండాకాలంలో మన చిత్తూరు వైపు ధర్మరాజు గుళ్ల దగ్గర 18 రోజుల భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి నాటకం. ఒక ఊళ్లో తెల్లవారుజామున నాలుగింటికి చూశాను: దుర్యోధనుడి వేషగాడి ముఖాన రంగు చెమటకు చారలు కట్టింది, మైకు గరగరమని ఆగిపోయింది. ఆయన పద్యం ఆపలేదు. చిట్టచివర చాప మీద కూర్చున్న నాకు ప్రతి అక్షరం వినిపించింది. అలాంటి ట్రూపులో ఒక సీజన్ వేషం కట్టమనండి. ఆ తర్వాత కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. వేషం ఇస్తామని డబ్బడిగేవాళ్ల దగ్గరికి వెళ్లనివ్వొద్దు. ఎన్ని రోజులు, రోజుకెంత, డబ్బింగ్‌కు వేరే ఇస్తారా, ఇబ్బందికరమైన సీన్లు ఉన్నాయా, ఇవన్నీ ముందే కాగితం మీద ఉండాలి. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడితో వారం పని చేయించుకుని బేటా, అంటే రోజువారీ ఖర్చుల డబ్బు, మాత్రమే చేతిలో పెట్టారు. అంతా నోటిమాటే కాబట్టి అడగడానికి ఆధారం లేకపోయింది.

బ్యాంకు పరీక్షల గొడవ కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఆ శ్మశానం కాపరి సీను మీరు ఇంకా చూడలేదనుకుంటాను. ఈ ఆదివారం వాణ్ణే పెట్టమని అడిగి, పక్కన కూర్చుని చూడండి. చూశాక నాకు మళ్లీ రాయండి.