బెర్లిన్‌లో ముందు చిరునామా, తర్వాతే పెట్టెలు

ప్రశ్న: మావారికి బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చింది. నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే బ్లూ కార్డ్ వీసా. సెప్టెంబర్ 1న చేరాలి. కంపెనీ ఒక నెలపాటు అపార్ట్‌మెంట్ ఇస్తుంది, ఆ తర్వాత ఇల్లు మేమే చూసుకోవాలి. పాపకి ఈ ఆగస్టులో ఆరేళ్లు నిండుతాయి. ముగ్గురం కలిసే వెళ్దామని నేను, ముందు తనొక్కడే వెళ్తానని ఆయన. ఆన్‌లైన్‌లో ఒక ఫ్లాట్ నచ్చింది. ఓనరు వేరే దేశంలో ఉన్నాడట, రెండు నెలల అద్దె పంపితే తాళాలు కొరియర్ చేస్తాడట. పంపమంటారా? మావారు ‘రింగ్’ అనే రైలు వలయం లోపలే ఉండాలంటున్నారు. ఏమేం తీసుకెళ్లాలో కూడా చెప్పండి. జాబితా రాసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: డబ్బు పంపకండి. ముందు ఆ మనిషికి మెసేజ్‌లు పెట్టడం ఆపేసి, మిగతాది తీరిగ్గా చదవండి.

ఓనరు విదేశంలో ఉంటాడు, తాళాలు కొరియర్‌లో వస్తాయి, ఫొటోల్లో ఇల్లు హోటల్‌లా మెరిసిపోతుంటుంది. బెర్లిన్‌లో ఇల్లు వెతికే కొత్తవాళ్ల కోసం అల్లిన పాత కథ ఇది. ఇల్లు చూడకుండా, ఒప్పందం మీద సంతకాలు కాకుండా ఎవరికీ ఒక్క యూరో కూడా ఇవ్వొద్దు. అక్కడ అడ్వాన్సుకి చట్టమే పరిమితి పెట్టింది. హీటింగ్, నీళ్లు, చెత్త ఖర్చులు కలపని అద్దెని ‘కాల్ట్‌మీటె’ అంటారు. అడ్వాన్సు దానికి మూడు రెట్లు దాటకూడదు. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టుకునే హక్కు కూడా మీకు ఉంటుంది.

ఇక మీ ఇంటి వాదనలో నా ఓటు మీవారికే. కోప్పడకండి, కారణం చెప్తాను.

బెర్లిన్‌లో కొత్తగా చేరే ఉద్యోగుల కాగితాలు చూడటమే నా పని. నా బల్ల మీదకొచ్చే గొడవల్లో ఎక్కువ భాగం జీతం గురించో వీసా గురించో కావు, చిరునామా గురించే. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ‘బ్యూర్గరాంట్’ అనే పౌరసేవల ఆఫీసుకి వెళ్లి ఆ చిరునామాని నమోదు చేసుకోవాలి. దీన్ని ‘ఆన్మెల్డుంగ్’ అంటారు. మీరు ఆ ఇంట్లో దిగారని ఇల్లిచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం లేకపోతే ఆ పని కాదు. నమోదయ్యాక పన్ను నంబరు పోస్టులో వస్తుంది. ఆ నంబరు కంపెనీకి అందకపోతే జీతంలోంచి అందరికంటే ఎక్కువ పన్ను పడే ఆరో పన్ను తరగతి కింద కోసే ప్రమాదం ఉంది. తర్వాత వెనక్కి వస్తుందనుకోండి, కానీ ఇల్లు వెతుక్కునే నెలల్లోనే చేతిలో డబ్బు ఆడదు. మీ పాప బడి కూడా ఆ చిరునామాతోనే ముడిపడి ఉంది.

బెర్లిన్‌లో సెప్టెంబర్ 30లోపు ఆరేళ్లు నిండే పిల్లలు ఆ ఏడాదే ఒకటో తరగతిలో చేరాలి. మీ పాప ఆ లెక్కలోకే వస్తుంది. ప్రభుత్వ బడి ఇంటి చిరునామాని బట్టి, ఆ పరిధిలో కేటాయిస్తారు. ముగ్గురూ కలిసి వెళ్లి నెల రోజుల అపార్ట్‌మెంట్‌లో దిగారనుకోండి. అక్కడి బడిలో బెంచీ అలవాటయ్యేలోపు ఊరికి ఆ చివర ఇల్లు దొరుకుతుంది. భాష రాని పిల్లకి రెండు నెలల్లో రెండు బడులు! కాస్త ఆలస్యంగా చేరినా ఫరవాలేదు, చేరిన చోట కుదురుగా ఉండటం ముఖ్యం.

అందుకని ముగ్గురి వీసాలకీ ఒకేసారి అప్లై చేయండి, ప్రయాణం మాత్రం విడివిడిగా పెట్టుకోండి. మీ వీసా మీద ఉన్న తేదీ దాటకుండా చూసుకుంటే చాలు. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల భార్య వెళ్లేముందు జర్మన్ పరీక్ష రాయనక్కర్లేదు, అక్కడ ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. మీరు ఇక్కడే ఉన్నంతకాలం ఆయనకి ఒంటరివాళ్ల తరగతిలోనే పన్ను కోస్తారు. డిసెంబర్ 31లోపు మీరు వెళ్లి అక్కడ నివాసం మొదలుపెడితే, ఆ ఏడాదికి ఇద్దరూ కలిపి పన్ను రిటర్న్ వేసుకోవచ్చు. ఆయన సెప్టెంబర్‌లో, మీరిద్దరూ నవంబర్‌లో అయితే నాకు సరిగ్గా అనిపిస్తోంది.

ఆయన ఒక్కడే ఇల్లు చూస్తే ఎలాంటిది చూస్తాడో అన్నది మీ అసలు భయం కావచ్చు. అందులో న్యాయముంది. అక్కడ సామాను లేని ఇల్లంటే చాలాచోట్ల వంటగదిలో గోడ, నీళ్ల గొట్టం, కరెంటు పాయింటు మాత్రమే ఉంటాయి. అల్మరాలు, సింకు, స్టవ్, చివరికి లైట్లు కూడా పాత అద్దెదారు ఊడదీసుకుపోతాడు, లేదా కొనుక్కోమంటాడు. రెండు గదుల ఇల్లంటే ఒక హాలు, ఒక పడకగది, వంటగదిని గదుల లెక్కలో వేయరు. ఆయన ఇల్లు చూసేటప్పుడు వీడియో కాల్‌లో మీరూ ఉండండి. వంటగది తలుపు మీరే తెరిపించండి. ఒప్పందంలో ‘ఇన్నేళ్లదాకా ఖాళీ చేయకూడదు’ అనే షరతు ఉందేమో అడిగించండి. అది లేకపోతే మామూలుగా మూడు నెలల ముందు నోటీసు ఇస్తే సరిపోతుంది. ఉద్యోగంలో మొదటి ఆరు నెలలు ప్రొబేషన్ ఉంటే, ఆ కాలంలో రెండు వారాల నోటీసుతో తీసేయొచ్చు. ఇంటి సంతకానికి ముందు ఇదీ లెక్కలో ఉండాలి.

రింగ్ సంగతి. నగరం నడిమి భాగం చుట్టూ 37 కిలోమీటర్ల వలయంలా తిరిగే ఎస్-బాన్ అనే లోకల్ రైలు మార్గం అది. లోపలే ఉండాలన్న పట్టుదల వదిలేయమనండి. టికెట్ల లెక్కలో వలయం లోపల ఎ జోన్, అక్కణ్ణుంచి నగర సరిహద్దు దాకా బి జోన్. టికెట్లు ఎలాగూ రెండూ కలిపే అమ్ముతారు కాబట్టి బయట ఉంటే ఛార్జీ పెరగదు. స్పాండావ్, లిచ్‌టెన్‌బెర్గ్, కోపెనిక్ వైపు కూడా చూడమనండి. ఆఫీసుకి ఎంతసేపు పడుతుందన్నదే చూడాలి. రింగ్ లోపల ఉన్నామని చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, అంతే.

తీసుకెళ్లేవాటిలో కాగితాలే ముఖ్యం: పెళ్లి, జనన ధ్రువపత్రాల ఒరిజినల్స్, పాప టీకాల కార్డు. తట్టు టీకా రెండు డోసులు పడ్డట్టు రుజువు 2020 నుంచి అక్కడి బళ్లలో తప్పనిసరి. వీటిని చెకిన్ పెట్టెలో వేయకండి, చేతి సంచిలోనే ఉంచుకోండి. చలి కోట్లు అక్కడే కొనుక్కోవచ్చు. ఆరోగ్య బీమా ప్రభుత్వ పద్ధతిలోనిది తీసుకోమనండి. ఉద్యోగం లేని భార్య, పిల్లలు అదే చందాలో వచ్చేస్తారు. ప్రైవేటు బీమా మొదట్లో చవగ్గా కనిపిస్తుంది కానీ అందులోంచి వెనక్కి రావడం కష్టం.

ఇల్లు దొరికిన రోజే పోస్టు డబ్బా మీద, కాలింగ్ బెల్ మీద ఆయన పేరు అంటించమనండి. పేరు లేకపోతే పోస్టుమాన్ ఉత్తరం వెనక్కి పట్టుకుపోతాడు, పన్ను నంబరు కూడా దాంతోపాటే పోతుంది. నమోదయ్యాక రేడియో, టీవీ రుసుము కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. ఇంటికి నెలకి 18.36 యూరోలు. ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాల్సిందే. చాలామంది దాన్ని మోసం అనుకుని చింపేస్తారు, అది నిజమైనదే.

ఈ వారం చేయాల్సిన పని ఒక్కటే. ఆ నెల రోజుల అపార్ట్‌మెంట్ చిరునామా మీద ఆన్మెల్డుంగ్‌కి సంతకం చేసిన కాగితం ఇస్తారా అని కంపెనీ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టించండి. ఫోన్‌లో అడిగితే సరిపోదు, జవాబు రాతలో ఉండాలి. ఇవ్వరంటే వేరే అపార్ట్‌మెంట్ అడగమనండి. ఉద్యోగంలో చేరాక అడిగితే పట్టించుకునేవాళ్లు తక్కువ.