తల్లికి వందనం డబ్బు పడకపోవడానికి అసలు కారణం

మీ అక్కగారికి తల్లికి వందనం (బడికి వెళ్లే పిల్లల తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే సాయం) డబ్బు ఎందుకు రాలేదని అడిగారు. ఆమె అర్హుల జాబితాలోనే ఉన్నారు, పలాస బ్యాంకు ఖాతాకు ఆధార్ కూడా ఇచ్చారు. అయినా ఇద్దరు పిల్లల డబ్బూ రాలేదంటే, కారణం బహుశా ఆమె హైదరాబాద్‌లో కూలి పనికి వెళ్లినప్పుడు తెరిచిన ఆ రెండో ఖాతాయే.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఖాతాకు ఆధార్ జతచేయడం వేరు, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ) మ్యాపింగ్, అంటే ప్రభుత్వ సొమ్ము ఏ బ్యాంకుకు వెళ్లాలో ఆ సంస్థ పట్టికలో నమోదు చేయడం వేరు. ఒకే ఆధార్‌ను ఎన్ని ఖాతాలకైనా జతచేయవచ్చు. కానీ ఎన్‌పీసీఐ పట్టికలో ఉండేది ఒక్క బ్యాంకే, ప్రభుత్వ సొమ్ము అక్కడికే వెళుతుంది. పాసుబుక్కు చూస్తే ఇది తెలియదు. వలస వెళ్లి వచ్చే మన శ్రీకాకుళం తల్లులకే ఈ చిక్కు ఎదురవడం నాకు నిజంగా బాధగా ఉంది.

1. మై ఆధార్ వెబ్‌సైటులో ఆమె ఆధార్, ఓటీపీతో లాగినై బ్యాంక్ సీడింగ్ స్థితి (ఆధార్‌కు ఏ బ్యాంకు మ్యాప్ అయిందన్న వివరం) చూడండి. బ్యాంకు పేరు, ఆ సీడింగ్ పనిచేస్తోందో లేదో కనిపిస్తుంది.

2. అక్కడ హైదరాబాద్ బ్యాంకు పేరుంటే ముందు ఆ ఖాతా నిల్వ చూడండి. ఒక్కో బిడ్డకు 13,000 చొప్పున 26,000 రూపాయలు అందులోనే ఉండవచ్చు. (పథకం మొత్తం 15,000, మిగతా 2,000 బడి నిర్వహణకు.)

3. అందులో లేకపోతే పలాస బ్యాంకు శాఖలో డీబీటీ (ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాలో పడే పద్ధతి) సమ్మతి పత్రం ఇవ్వండి. "ఆధార్ లింక్" అని అడగవద్దు, "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఈ ఖాతాకు మార్చండి" అని అడగండి. అక్కగారు స్వయంగా వెళ్లడం మంచిది.

4. స్థితి మారాక సచివాలయంలో డబ్బు రాలేదని అర్జీ పెట్టి రసీదు తీసుకోండి.