డాక్టర్ సలహా: డోసు కాదు, ముందు ఆ పుట్టుమచ్చ సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 29. నాలుగేళ్లుగా చేతులపై బొల్లి మచ్చలున్నాయి. లండన్‌లో ఉండే మా కజిన్ చర్మానికి రంగు తెచ్చే మందని మెలనోటాన్‌-2 పొడి సీసాలు తెచ్చిచ్చాడు. మూడు వారాలుగా నేనే పొట్టకు ఇంజెక్షన్ చేసుకుంటున్నాను. ఒళ్లు నల్లబడింది, మచ్చలు మాత్రం తగ్గలేదు. వికారంగా ఉంటోంది. అరికాలి పుట్టుమచ్చ కూడా ముదురు రంగుకు మారింది. డోసు పెంచాలా?

జవాబు: పెంచొద్దు, ఈరోజే ఆపేయండి. నన్ను కలవరపెట్టింది మీరు చివర్లో రాసిన అరికాలి పుట్టుమచ్చ. మనవాళ్లలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అరుదే. వస్తే మాత్రం తరచూ అరికాళ్లలో, గోళ్ల కింద కనిపిస్తుంది. ఆనె అనో, ముల్లు దిగిందనో అనుకుని నెలలు గడిపాక వస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఈ మందుతో పాత పుట్టుమచ్చలు నల్లబడతాయి, కొత్తవీ రావచ్చు. వాడినవాళ్లలో మెలనోమా కేసులు కూడా నమోదయ్యాయి. మందే కారణమని రుజువు కాలేదు. మీది కేవలం రంగు మార్పే కావచ్చు, కానీ ఉత్తరం చదివి తేల్చే విషయం కాదది. ఈ వారంలోనే స్కిన్ డాక్టర్ చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్‌తో చూడాలి, అవసరమైతే బయాప్సీ చేయాలి.

మెలనోటాన్‌-2 మన ఒంట్లోని ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ హార్మోన్‌ను పోలిన కృత్రిమ పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ ముక్క లాంటిది. రంగు కణాలను ప్రేరేపిస్తుంది. బొల్లి మచ్చలో ఆ కణాలే ఉండవు, ఉన్నా బహు తక్కువ. అందుకే చుట్టూ చర్మం నల్లబడి తెలుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దీనికి దగ్గరి మందు అఫమెలనోటైడ్‌కు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది, అదీ ఎండ సోకితే భరించలేని నొప్పి పుట్టే ఒక అరుదైన జబ్బుకు. మెలనోటాన్‌-2 మందుగా ఎక్కడా ఆమోదం పొందలేదు. ‘పరిశోధనకు మాత్రమే’ అన్న లేబుల్‌తో అమ్మే సీసాలో నిజంగా ఏముందో, ఎంతుందో ఎవరు పరీక్షించారు? పొట్టలో సూది పొడుచుకునే ధైర్యం ఉన్న మీకు స్కిన్ ఓపీలో కాసేపు కూర్చునే ఓపిక లేకపోయిందా?

వికారం ఈ మందు వల్లే కావచ్చు. అంగస్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోయినా, ఒళ్లునొప్పులతో మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా వెంటనే క్యాజువాల్టీకి వెళ్లండి.

బొల్లికి టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్, నారోబ్యాండ్ యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కిరణాల) లైట్ చికిత్స ఉన్నాయి. చేతివేళ్ల చివర్లు మొండికేస్తాయి, మిగతా చోట్ల నెలలు పట్టినా ఫలితం ఉండొచ్చు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి. పుట్టుమచ్చ సంగతి తేలాకే లైట్ చికిత్స మాట. మిగిలిన సీసాలు పారేయకుండా డాక్టర్‌కు చూపించండి. ఇంజెక్షన్ల విషయం మాత్రం దాచొద్దు.